నల్ల ఉన్ని మబ్బు

మా ఇంట్లో పాత దూది పరుపు ఒకటి గట్టిపడి చెక్కలా తయారైంది. దాన్ని ఏకించాలని ఏడాదిగా అనుకుంటున్నాను. నిజం చెప్పాలంటే ఈసారి పరుపు ఒక వంక మాత్రమే. జగ్గయ్యపేట వెళ్ళి అక్కడ పరుపులు కుట్టే పెద్దాయన్ని కలవాలి, బతిమాలైనా సరే నందిగామ తీసుకురావాలి, ఇక్కడ గ్రంథాలయంలో గోడకున్న ఉన్ని తెర మీద ఆయన చేత చెయ్యి వేయించాలి. ఉత్త చేతులతో వెళ్ళడానికి మొహం చెల్లక పరుపుని ట్రాలీ ఆటోలో వేయించి, నేను డ్రైవరు పక్కన కూర్చున్నాను.

ఆయన కొట్టు బస్టాండు వెనక సందులో ఉంటుంది. వెళ్ళేసరికి ఒక తలుపు మూసి, ఒక తలుపు తీసి ఉంది. లోపల ఆయన కోడలు మిషను మీద దిండు గలేబులు కుడుతోంది. నన్ను చూసి మిషను ఆపి లేచి నిలబడింది. ఎప్పుడూ కూర్చునే పలకరించే మనిషి అలా లేచేసరికే నేను గుమ్మంలో ఆగిపోయాను.

"మామయ్య పోయి పదిహేను రోజులైందండి. మీకు చెబుదామంటే మీ నంబరు ఆయన ఫోన్లో ఉంది. అది ఎంత చార్జింగు పెట్టినా ఆన్ కాలేదు" అంది.

కొట్టులో స్టూలు మీద కూర్చుని ఏడ్చాను. ఆవిడ మంచినీళ్ళిచ్చి, డ్రైవరుని పిలిచి, నేను చెప్పకుండానే పరుపు దింపించింది. పదిహేను రోజులు. అంతకుముందు ఇంకో మూడు వారాలు నేను చేతులారా పోగొట్టుకున్నవి. ఆ సంగతి చివర్లో చెబుతాను, ఎందుకంటే అది నా గురించి. ముందు ఆయన గురించి చెప్పాలి.

ఆయన ఎప్పుడు పుట్టారో నాకు తెలీదు. అడిగితే "పెద్ద తుఫానుకి ముందే" అనేవారు. ఏ తుఫానో చెప్పేవారు కాదు. పొట్టి మనిషి, కుడి భుజం ఎడమదాని కంటే కొంచెం దిగి ఉండేది. కనుబొమ్మల్లో ఎప్పుడూ రెండు మూడు దూది పింజలు ఇరుక్కుని ఉండేవి. పండగ రోజు తలంటు పోసుకుని వచ్చినా అవి అక్కడే ఉండేవి. పని చేసేటప్పుడు ముక్కుకీ నోటికీ తువ్వాలు కట్టుకునేవారు, పని అయిపోయాక కూడా దాన్ని విప్పడం మర్చిపోయి అలాగే టీ తాగబోయేవారు.

దూదేకుల సాయిబు ఆయన. పరుపులు, దిండ్లు, బొంతలు కుట్టే కుటుంబం. పేటలో సగం పెళ్ళి పరుపులు ఆ కొట్టులోంచి వెళ్ళినవే. అంతమందిని మెత్తగా పడుకోబెట్టిన మనిషి తాను మాత్రం జీవితంలో పరుపు మీద పడుకోలేదు. ఒక నల్ల గొంగళి నేల మీద పరుచుకుని, దాని మీద పడుకునేవారు. అంతటితో ఊరుకున్నా బాగుండేది. పరుపు కొనడానికి వచ్చినవాళ్ళతో కూడా "దీని మీద పడుకుంటే నడుం చెడుద్దండి" అని చల్లగా చెప్పేవారు. కోడలు మిషను దగ్గర తల పట్టుకునేది. అయినా ఆయన చెప్పాక బేరం మానుకుని వెళ్ళినవాళ్ళని నేనైతే చూడలేదు. అంత నిజం చెప్పేవాడి దగ్గర కాక ఇంకెవరి దగ్గర కొంటారు.

ఊళ్ళోవాళ్ళకి ఆయన పరుపుల సాయిబుగారు. నాకు మాత్రం ఉన్ని మనిషి. ఒకప్పుడు మా మెట్ట ఊళ్ళలో గొంగళ్ళు నేసే ఇళ్ళుండేవి. గొర్రెల బొచ్చు కత్తిరించగానే వడకడానికి రాదు. ముందు దాన్ని ఏకాలి. అందుకు ఒక విల్లు ఉంటుంది, మనిషంత పొడవు కర్రకి బిగించిన నరం తాడు. తాడుని ఉన్ని కుప్పలో ఆనించి కొయ్యగుండుతో కొడితే, ఆ అదురుకి చిక్కులన్నీ విడిపోయి ఉన్ని పొంగుతుంది. ఎండాకాలం వస్తే ఆయన విల్లు భుజాన వేసుకుని ఊళ్ళు తిరిగేవారట. గొంగళ్ళు నేసేవాళ్ళ వాకిళ్ళలో వారాల తరబడి ఉండిపోయి, ఆ ఏటి ఉన్ని అంతా ఏకి తిరిగొచ్చేవారట. తర్వాత నేసేవాళ్ళు మానేశారు. ఉన్ని ఇచ్చే నల్ల గొర్రెలు పోయి, మాంసం కోసం పెంచే పొట్టి వెంట్రుకల గొర్రెలు వచ్చాయి. ఆయన విల్లుకి దూది ఒక్కటే మిగిలింది.

నేను నందిగామలో ఆడపిల్లల హైస్కూల్లో డ్రాయింగ్ టీచర్ని. మా నాన్నది వత్సవాయి వైపు వ్యవసాయం. మా పశువుల కొట్టంలో కొయ్యకి ఒక గొంగళి వేలాడుతుండేది. వాన వస్తే దాన్ని తల మీదుగా కొప్పెర పెట్టుకుని నాన్న పొలానికి వెళ్ళేవాడు, నేను కింద దూరేదాన్ని. ఆ వాసన నాకు ఇప్పటికీ ఇష్టం. ఆ ఇష్టంతోనే నాకో పిచ్చి పుట్టింది. ఈ నేల గొర్రెల ఉన్నితో, ఈ నేల ఆడవాళ్ళ చేతులతో మా మెట్ట ప్రాంతాన్ని ఒక పెద్ద తెరలా అల్లించాలి. కింద మున్నేరు, దాని మీద పత్తి చేలు, మిరప కళ్ళాలు, గొర్రెల మంద, పైన వానకి ముందు కమ్ముకునే నల్ల మబ్బు. రంగులు వేయకూడదు. గొర్రె ఒంటి మీద ఉన్న నలుపు, తెలుపు, బూడిద, గోధుమ అంతే. అయ్యాక గ్రంథాలయం హాల్లో గోడకి పెట్టాలి.

మా వీధి డ్వాక్రా సంఘం లీడరు కోటేశ్వరమ్మకి ఈ మాట చెబితే, ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, తన తాత గొంగళ్ళు నేసేవాడని, వడకడం చిన్నప్పుడు తల్లి దగ్గర నేర్చుకున్నానని చెప్పింది. ఇంకో పదిమందిని పోగేసింది కూడా. కానీ ఏకడం ఎవరికీ రాదు. ఆ పని తెలిసిన చెయ్యి ఈ చుట్టుపక్కల ఒక్కటే మిగిలిందని ఆవిడే చెప్పి నన్ను పేట పంపింది.

వానలు వెళ్ళాక నల్ల గొర్రెల మందలు తెలంగాణ వైపు నుంచి గరికపాడు దాటి మేతకి వచ్చి, ఎండలు మొదలయ్యాక తిరిగి వెళ్తుంటాయి. ఆ కాపర్ల వెంటపడి ఒక గోనె సంచెడు ఉన్ని సంపాదించి, గొప్పగా తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టాను. ఆయన ఒక పింజ తీసుకుని చొక్కా కాలరు కింద, మెడకి ఆనేలా దోపుకున్నారు. దోపుకుని నా స్కూలు గురించి అడిగారు. బస్సులో సీటు దొరికిందా అని అడిగారు. మా నాన్న ఊరు అడిగి, ఆ ఊళ్ళో చెరుకు రసం తీసే ఒకాయన గురించి పావుగంట చెప్పారు. నాకు ఓపిక తక్కువ. లోపల ఉడికిపోతున్నాను. అప్పుడు తీరిగ్గా ఆ పింజ బయటికి తీశారు.

"గుచ్చుద్ది గాని కరవదు. మంచి ఉన్నే. కానీ గొర్రెని కడక్కుండా కత్తిరించారు. ఎవరిదండీ ఈ తొందర?"

తొందర నాదే. మర్నాడు మంద వెళ్ళిపోతుందంటే కాపరిని బలవంతపెట్టి ఉన్నదున్నట్టు కత్తిరింపించాను. ఆ మాట ఒప్పుకోకుండా కోటేశ్వరమ్మ తాత పేరు చెప్పాను. ఆయన మొహం వెలిగిపోయింది. ఆ ఇంటి వాకిట్లో తాను ఎన్ని ఎండాకాలాలు గడిపారో, ఆ ఇంటి ఆడవాళ్ళు ఏ కూర బాగా వండేవాళ్ళో చెప్పుకొచ్చి, ఆదివారం వస్తానన్నారు.

అలా ప్రతి ఆదివారం మేము పని చేసే నందిగామ గ్రంథాలయానికి రావడం మొదలుపెట్టారు. ఆ విల్లుతో బస్సెక్కడం చూడాల్సిన తతంగం. అది అడ్డంగా పట్టదు, నిలువుగా పైకప్పుకి తగులుతుంది. కండక్టరు ప్రతిసారీ గొడవపడేవాడు. ఈయన ఎదురు చెప్పేవారు కాదు. తనకి దొరికిన సీట్లో విల్లుని ఏటవాలుగా పెట్టి, తాను దాని పక్కన నిలబడి నందిగామ దాకా వచ్చేవారు. కూర్చోమని ఎవరైనా సీటిస్తే "ఫరవాలేదండి, దానికి సీటు దొరికింది" అనేవారు. కొన్నాళ్ళకి ఆ కండక్టరే, విల్లు కనపడకపోతే బస్సు కాసేపు ఆపుతున్నాడని విన్నాను.

నేర్పడంలో ఆయన పద్ధతి ఒకటే. తాను చేసి చూపించరు. విల్లు ఆడవాళ్ళ చేతికిచ్చి, గోడ వైపు తిరిగి కూర్చుంటారు. చూడరు, వింటారు. చిక్కుపడిన ఉన్నిలో తాడు కొడితే మొద్దుగా, గొంతు పూడుకుపోయినట్టు పలుకుతుంది. ఉన్ని విడేకొద్దీ ఆ పలుకు తేలికవుతుంది. పూర్తిగా విడిన రోజున గణగణమంటుంది. గోడ వైపు తిరిగే "ఇంకా కాలేదు" అనేవారు. "ఎడమ పక్క ముద్ద ఉంది చూడు కోటమ్మా" అనేవారు. ఉండేది. ఒకసారి ఆడవాళ్ళు పంతానికి పోయి, ఆయన ఏకిన ఉన్ని మీదే మళ్ళీ కొట్టి, ఏం చెబుతారో చూద్దామనుకున్నారు. రెండు దెబ్బలకే "అది నాది, పక్కన పెట్టండి" అన్నారు. ఆ రోజు ఎవరికీ పని సాగలేదు, నవ్వడంతోనే సరిపోయింది.

ఆయనకి చదవడం రాదు. తెర పక్కన ఒక బోర్డు పెడతామని, చేసిన అందరి పేర్లూ దాని మీద ఉంటాయని నేను చెప్పిన రోజు ఆయన చేతిలోని ఉన్ని కింద పెట్టారు. తర్వాత మెల్లగా "నా పేరు కూడానా అండి?" అని అడిగారు. ఉన్ని ఏకింది ఎవరో రాయకపోతే ఎలా అన్నాను. ఒక కాగితం మీద ఆ పేరు ఎలా ఉంటుందో రాసిమ్మన్నారు. రాసిచ్చాను. దాన్ని మడిచి ఫోను కవర్లో పెట్టుకున్నారు. కండక్టరుకి చూపించారట. కొట్టుకి వచ్చినవాళ్ళకి చూపించారట. ఇన్నేళ్ళలో ఆయన చేతి మీదుగా వెళ్ళిన ఏ గొంగళి మీదా, ఏ పరుపు మీదా ఆయన పేరు లేదు. ఇదే మొదటిది. ప్రారంభానికి వేసుకోవడానికి కోడలి చేత కొత్త చొక్కా కుట్టించుకున్నారు.

ఇక్కడి నుంచి నా నిర్వాకం. శ్రావణంలో ప్రారంభమని నేనే తేదీ పెట్టాను. పెద్ద అధికారి వస్తానని ఒప్పుకున్నారు. తీరా చూస్తే పైన మబ్బుకి నల్ల ఉన్ని చాలలేదు. కడగని ఉన్నిలో సగం ఆయన పారేయించారు, మిగిలింది గొర్రెల మందకే అయిపోయింది. మళ్ళీ కావాలంటే వానలు వెళ్ళాలి, మందలు తిరిగి రావాలి, గొర్రెలకి బొచ్చు పెరగాలి. అధికారి అంతవరకు ఆగరు. విజయవాడ వెళ్ళి స్వెట్టర్లు అల్లే నల్ల ఊలు ఉండలు తెచ్చాను. పేరుకి ఊలు, అసలు సరుకు ప్లాస్టిక్. ఆయన రాని రెండు రోజుల్లో మబ్బు అల్లించేశాను. కోటేశ్వరమ్మ వద్దంది. పెద్దాయన ఒప్పుకోడంది. ఆయనకి చెప్పాల్సిన పని లేదన్నాను. ఆవిడ తన వంతు పని వేరేవాళ్ళకి ఇచ్చి వెళ్ళిపోయింది. బోర్డు మీద మాత్రం 'ఈ ప్రాంతపు గొర్రెల ఉన్నితో మాత్రమే చేసినది' అని పెద్ద అక్షరాలతో రాయించాను.

ప్రారంభం రోజు ఆయన గంట ముందే వచ్చారు. కొత్త చొక్కా, మడత కూడా నలగలేదు. బోర్డు దగ్గరికి వెళ్ళి, కవర్లోని కాగితం తీసి, అక్షరం అక్షరం సరిపోల్చుకుని తన పేరు కనిపెట్టారు. దాని మీద వేలు పెట్టి చాలాసేపు నిలబడ్డారు. తర్వాత తెర దగ్గరికి వెళ్ళి కింది నుంచి అరచెయ్యి నెమ్మదిగా పైకి జరుపుకుంటూ వచ్చారు. మున్నేరు, చేలు, కళ్ళాలు, మంద. మబ్బు దగ్గర చెయ్యి ఆగింది.

"ఇది ఏకింది కాదు" అన్నారు.

"అది కూడా ఉన్నే బాబాయ్ గారూ. కడిగిన తీరు వల్ల అలా ఉంది" అన్నాను. ఆయన మొహంలోకి చూసే అన్నాను.

ఆయన తెర వెనక్కి వెళ్ళి ఒక పోగు కొస తెంపారు. మెట్ల మీదికి వెళ్ళి, బీడీల కోసం జేబులో పెట్టుకున్న అగ్గిపెట్టె తీసి వెలిగించారు. ఉన్ని కాలితే వెంట్రుక కాలిన వాసన వస్తుంది. అది రాలేదు. పోగు ముడుచుకుపోయి చిన్న నల్లపూస అయింది. చల్లారాక దాన్ని నా అరచేతిలో పెట్టారు. నాకు తల కొట్టేసినట్టయింది.

"మిమ్మల్ని ఏమీ అననండి. మీ ఇబ్బంది మీది. నా పేరు మాత్రం తీసెయ్యండి."

"పైన ఆ కాస్తే కదా. కిందంతా మీరు ఏకిందే. ఎవరికి తెలుస్తుంది?"

"కిందంతా నేనే ఏకా. అందుకే తీసెయ్యమంటున్నా" అన్నారు.

అప్పటికైనా నేను బోర్డు మొత్తం దింపేసి ఉండాల్సింది. దింపలేదు. అధికారి కారు వచ్చే వేళయింది. ఆఫీసు గదిలో జిగురు అడిగి తీసుకుని, బోర్డు రంగు కాగితం ముక్క ఒకటి కత్తిరించి ఆయన పేరు మీద అంటించాను. ఆయన ముందే నా చేతులతో అంటించాను. ఆయన నిలబడి చూశారు. వంకర లేకుండా అంటుకుందో లేదో కూడా చూశారు.

సభ బాగా జరిగింది. ఆయన వెళ్ళిపోతారేమో అనుకున్నాను. వెళ్ళలేదు. చివరి వరసలో కూర్చున్నారు. ఒక్కొక్క ఆడమనిషినీ పిలిచి శాలువా కప్పుతుంటే చేతులెత్తి చప్పట్లు కొట్టారు. కోటేశ్వరమ్మ వంతు వచ్చినప్పుడు లేచి నిలబడి కొట్టారు. ఆవిడ శాలువా కప్పుకోకుండా చేతిలోనే పట్టుకుని, నా వైపు చూడకుండా దిగిపోయింది. చివర్లో నేను మాట్లాడాను. ఇందులో ప్రతి పోగూ ఈ నేల గొర్రెదే అన్నాను. ఆ వాక్యం కాగితం మీద రాసి ఉంది, చదివేశాను. హాలంతా చప్పట్లు మోగాయి. ఆయన చేతులు ఒళ్ళో ఉన్నాయి.

ముప్పై ఏళ్ళుగా పిల్లలకి గీతలు దిద్దుతున్నాను. తప్పు గీస్తే చెరిపి మళ్ళీ గియ్యమని వేలసార్లు చెప్పి ఉంటాను. ఆ మాట నాకు నేను చెప్పుకోవడానికి వారం పట్టింది. ఆ తర్వాతి ఆదివారం కత్తెర తీసుకుని గ్రంథాలయానికి వెళ్ళాను. అక్కడి సిబ్బందికి జరిగింది చెప్పాను. వాళ్ళు పెద్దగా పట్టించుకోలేదు, బాగానే ఉంది కదా మేడం అన్నారు. 'మాత్రమే' అన్న వాక్యాన్ని కూడా కాగితంతో మూసేసి మబ్బు విప్పడం మొదలుపెట్టాను. కాసేపటికి కోటేశ్వరమ్మ వచ్చి రెండో వైపు నుంచి విప్పసాగింది. సాయంత్రం దాకా మేమిద్దరం మాట్లాడుకోలేదు. వెళ్ళేటప్పుడు మాత్రం "పెద్దాయనకి మీరే వెళ్ళి చెప్పండి" అంది.

వెళ్ళి చెప్పాను. క్షమించమని కూడా అడిగాను. ఆయన ఆ మాట విననట్టే, కోడల్ని పిలిచి నాకు టీ చెప్పారు. "వానలు వెళ్ళనివ్వండి. గొర్రెలు మళ్ళీ వస్తాయి" అన్నారు. నాకు అంతకంటే పెద్ద మాట అక్కర్లేకపోయింది.

కార్తీకంలో మంద వచ్చింది. ఈసారి మున్నేట్లో కడిగించాం. దగ్గు పట్టుకుందని, నీళ్ళలోకి దిగొద్దని కోడలు ఆయన ఫోన్లోంచే నాకు మరీ మరీ చెప్పింది. ఆయన నాకంటే ముందు దిగారు. లుంగీ పైకి కట్టి, మోకాళ్ళ లోతులో నిలబడి, కాపరి తోసిన ఒక్కో గొర్రె వీపునీ రెండు చేతులతో రుద్దుతూ, దాని చెవిలో ఏదో చెబుతూ పంపించారు. గొర్రెలు ఒడ్డుకెక్కి ఒళ్ళు దులుపుకుంటే మేమందరం తడిసిపోయాం. చిన్నపిల్లాడిలా నవ్వారు. ఆయన్ని తలుచుకుంటే నాకు ముందుగా ఆ నవ్వే గుర్తొస్తుంది.

ఆ తర్వాత ఆయన నందిగామ రాలేకపోయారు. దగ్గు ముదిరింది. జీవితమంతా పీల్చిన దూది ఊపిరితిత్తుల్లో పేరుకుందని డాక్టరు చెప్పాడట. ఉన్ని సంచుల్లో సిద్ధంగా ఉంది. ఏం చేయాలో తోచక కూర్చున్న ఆదివారం, పేట బస్సు కండక్టరు గ్రంథాలయం దాకా నడిచి వచ్చి, భుజం మీది విల్లు దింపి, సాయిబుగారు పంపారని చెప్పాడు. ఆ విల్లు ఆయన లేకుండా ప్రయాణం చేయడం అదే మొదలని కోడలు తర్వాత చెప్పింది.

కోటేశ్వరమ్మ ఏకింది. నేను ఫోను స్పీకరు పెట్టి ఉన్ని కుప్ప పక్కన నేల మీద ఉంచాను. అవతల ఆయన గొంగళి మీద పడుకుని వినేవారు. దగ్గు తెర వచ్చినప్పుడు మేము ఆగేవాళ్ళం. తగ్గాక "తాడు వదులైంది, బిగించు" అని ఆ చివర నుంచి వినపడేది. "ఇంకా కాలేదు" అని వినపడేది. అలా అయిదారు ఆదివారాలు గడిచాయి. ఒకనాడు తాడు గణగణలాడింది. అటు నుంచి ఎంతసేపటికీ మాట రాలేదు. లైను పోయిందేమో అనుకున్నాను. అప్పుడు "ఇహ నాకేం పని లేదు కోటమ్మా" అన్నారు. కోటేశ్వరమ్మ కొయ్యగుండు కింద పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆయన పేరు మీద కాగితం తీసెయ్యనా అని నేనడిగాను. వద్దన్నారు. మబ్బు అల్లడం అయ్యాక వచ్చి చెయ్యేసి చూసి చెబుతానన్నారు.

వడికి అల్లేసరికి ఎండాకాలం వచ్చింది, మబ్బు అయింది. అయిన రోజే వెళ్ళాల్సింది. పదో తరగతి పేపర్ల స్పాట్ వాల్యుయేషన్ డ్యూటీ పడిందని, ఎండలు ముదిరాయని, ఆయన్ని తీసుకురావడానికి మంచి కారు మాట్లాడాలని మూడు వారాలు జాగు చేశాను. ఉన్ని దగ్గర తొందరపడ్డాను, మనిషి దగ్గర నిదానించాను. ఇది నాకు జన్మలో మాయని మచ్చ.

ఇదంతా ఆ రోజు కొట్టులో స్టూలు మీద కూర్చుని కోడలికి చెప్పాను. కాగితం అంటించిన సంగతి ఆవిడకి తెలీదు. ఆయన ఇంట్లో ఆ మాటే ఎత్తలేదట. ఎవరైనా అడిగితే పని ఇంకా పూర్తికాలేదని మాత్రం చెప్పేవారట. ఆదివారం వచ్చి మామగారి బదులు నువ్వు చెయ్యేసి చూడమ్మా అని అడిగాను. తనకేం తెలుసంది, తాను గలేబులు కుట్టేదాన్నంది. ఇరవై ఏళ్ళు ఆయన పక్కన కూర్చున్నావు కదా అన్నాను.

ఆవిడ ఆదివారం గ్రంథాలయానికి వచ్చింది. నేనూ కోటేశ్వరమ్మా గుమ్మంలో నిలబడ్డాం. కోడలు ముందు చేతులు కొంగుకి తుడుచుకుంది. కింది నుంచి కాకుండా నేరుగా మబ్బు దగ్గరికి వెళ్ళి, కుర్చీ ఎక్కి, కళ్ళు మూసుకుని అరచెయ్యి ఆనించి జరుపుకుంటూ పోయింది. నడిమికి వచ్చేసరికి ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి తీసింది. ఆవిడ మళ్ళీ ఆ చోటే వెతికి, గోళ్ళతో ఏదో లాగి, మా వైపు తిరిగి అరచెయ్యి చూపించింది. ఎండిపోయిన పల్లేరుకాయ. వేలి కొసన చిన్న రక్తపు చుక్క.

"ఏ చేలోనో గొర్రెకి అంటుకుని వచ్చిందండి. కొన్న ఊలుకి ఇది ఎక్కడి నుంచి వస్తది?" అంది. కుర్చీ దిగి, కన్నీళ్ళు తుడుచుకోకుండానే, "ఇహ మా మామయ్య పేరు తీయండి బయటికి" అంది.

కాగితాన్ని తడి గుడ్డతో నానబెట్టి, ముగ్గురం నెమ్మదిగా ఊడదీశాం. కింద అక్షరాలు చెదరలేదు. కోడలికీ చదవడం రాదు. ఏది ఆయన పేరో చూపించమంది, చూపించాను, దాని మీద వేలు పెట్టి అలాగే నిలబడింది.

ఆ పేరు నేనిక్కడ రాయను. చదవాలనుకున్నవాళ్ళు నందిగామ గ్రంథాలయానికి రండి. ముందు ఆ మబ్బు మీద చెయ్యి వేసి చూడండి, బోర్డు తర్వాత చదవచ్చు.